బొట్టు పెట్టిన బంతి

నేను ఒక ఫుట్‌బాల్‌ని. తన్నులు తినడానికే పుట్టినదాన్ని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చీపురు ఊడవడానికి పుట్టింది, జల్లెడ జల్లించడానికి పుట్టింది, నేను తన్నించుకోవడానికి పుట్టాను. అయినా నా జీవితంలో మొదటి మూడు నెలలు నన్ను ఒక్కరంటే ఒక్కరు తన్నలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది. ఆ సగమే చెబుతాను.

ఎక్కడో ఉత్తరాదిన ఒక ఇంటి వసారాలో ఒకావిడ ముప్ఫై రెండు ముక్కలను మైనం పూసిన దారంతో కలిపి నన్ను కుట్టింది. చివరి ముడిని లోపలికి తోసి, గాలి లేని నన్ను మోకాలి మీద చరిచి చూసి, గోనెసంచిలో పడేసింది. ఆ సంచిలోంచి లారీలోకి, లారీలోంచి విజయవాడలో ఒక ఆటవస్తువుల కొట్టులోకి వచ్చి పడ్డాను. అక్కడ నాకు గాలి కొట్టించి కొనుక్కున్నవాడు కోదండపాణి. నీటిపారుదల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. గీత గీస్తే చీమ కూడా వంక పెట్టలేదు. మనిషికి ఓపిక జాస్తి, అనుమానం అంతకన్నా జాస్తి.

ఆయన కూతురు కిన్నెరకు తొమ్మిదేళ్లు దాటాయి. బడిలో ఆటల మేడం ఆయన్ను పిలిపించి చెప్పిందట. "మీ పాప కాళ్లల్లో ఏదో ఉందండీ. మంచి క్లబ్బు చూసి వెయ్యండి. పదేళ్ల లోపు పిల్లల జట్లకి నవంబరాఖరు లోపు పేర్లిచ్చెయ్యాలి. వచ్చే ఏడాదికి పదేళ్లు దాటిపోతాయి, ఇక పెద్దపిల్లల్లో కలిసిపోద్ది."

మేడం ఏ ముహూర్తాన 'మంచి క్లబ్బు' అందో గాని, ఆ మాట కోదండపాణి బుర్రలో ముల్లులా గుచ్చుకుంది. విజయవాడ మనిషి కదా. పిల్లల్ని కాలేజీలో వేయాలంటే ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎన్ని ర్యాంకులొచ్చాయి, హోర్డింగు మీద ఎంతమంది ఫొటోలున్నాయి, మెటీరియల్ వాళ్లే ఇస్తారా, వారానికెన్ని పరీక్షలు అని అడగాలి. ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే. అందుకే ఒక గ్రాఫు కాగితం తీసి, పదిహేడు గళ్ల పట్టిక గీశాడు. గళ్లన్నీ ముచ్చటగా ఉన్నాయి. వాటిలో నాకు ఒక్కటీ అర్థం కాలేదు.

నన్ను తెచ్చిన సాయంత్రమే కిన్నెర రెండు చేతులా ఎత్తుకుంది. "నాన్నా, కింద సందులో ఆడుకోనా?" అంది.

"క్లబ్బులో చేరాక ఆడుదువు గానిలే తల్లీ. కొత్త బంతి, ఇప్పుడే పాడుచేసుకుంటామా?" అని నన్ను తీసుకెళ్లి షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన పెట్టాడు. తాటిచెట్టు ఎక్కే బొమ్మ ఒకటి ఎప్పుడూ నా వైపే చూసేది. అది ఎక్కనూ ఎక్కదు, దిగనూ దిగదు. దాన్ని చూస్తే నా గతే గుర్తొచ్చేది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఇంట్లో పనిముట్లన్నీ వరసగా పెట్టారు. ఆయన స్కూటరు, గీతలు గీసే పెట్టె, భార్య హైమవతి కుట్టుమిషను, ఆ చివర నేను. నాకూ పసుపు రాసి, నడినెత్తిన ఇంత కుంకుమబొట్టు పెట్టి, హారతిచ్చారు. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఆ సంతోషం హారతి ఆరేదాకా కూడా నిలవలేదు. ప్రసాదం కోసం పరిగెత్తుకొచ్చిన కిన్నెర కాలు నాకు కాస్త తగిలింది.

"తప్పు! పూజ చేసింది కాలితో తన్నకూడదు. కళ్లకద్దుకో" అన్నాడు కోదండపాణి.

ఆ పిల్ల బిక్కమొహం వేసి, వంగి నన్ను తాకి, వేళ్లు కళ్లకద్దుకుంది. నన్ను తన్నడానికి తెచ్చారా, మొక్కడానికి తెచ్చారా? ఎవరినడగాలో తెలియక బొమ్మల మధ్య అలాగే కూర్చున్నాను.

దసరా వెళ్లాక క్లబ్బుల వేట మొదలైంది. పెళ్లికూతుర్ని ఇంట్లో వదిలేసి పెళ్లిచూపులకు వెళ్లినట్టు, కిన్నెరను ట్యూషన్‌కు పంపి ఆయనొక్కడే బయలుదేరేవాడు. గుడ్డసంచిలో నన్ను మాత్రం వేసుకునేవాడు. ఏ నేల మీద ఎంత ఎగురుతానో కొలవడానికట. పట్టికలో పద్నాలుగో గడి అదే.

మొదటి క్లబ్బు ఒక షాపింగ్ కాంప్లెక్స్ మేడ మీద ఉంది. నేలంతా పచ్చటి తివాచీ. "మాది ఇంటర్నేషనల్ సిలబస్ సార్" అన్నాడు అక్కడి మేనేజరు.

"స్టేటు లెవెల్ ఎంతమంది కొట్టారండీ? వీక్లీ టెస్టులుంటాయా? డౌట్లొస్తే ఎవర్నడగాలి?" అన్నాడు కోదండపాణి.

బంతి ఆటలో డౌట్లేమిటో మేనేజరుకు తెలియలేదు. అయినా "అన్నీ ఉంటాయి సార్" అన్నాడు. కోదండపాణి గళ్లు నింపుకున్నాడు. నేను ఆ తివాచీ మీద రెండుసార్లు ఎగిరి, మళ్లీ సంచిలో పడ్డాను.

రెండో క్లబ్బులో అద్దాల బీరువా నిండా కప్పులే. ఆయన వాటిని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. బయట ఆట సాగుతుంటే గట్టు మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. బూట్లు పాలలా తెల్లగా ఉన్నాయి, ఒక్క మట్టి మరక లేదు. ఆ బూట్లదీ నాదీ ఒకటే జబ్బు అనుకున్నాను. కోదండపాణి కూడా ఆ పిల్లను చూశాడు, పెన్సిలు ఎత్తాడు. అయితే పదిహేడు గళ్లలో ఆ పిల్లను ఎక్కడ రాయాలో ఆయనకు దొరకలేదు.

ఇంటికొచ్చి రెండు క్లబ్బులకూ మార్కులు కూడితే సమానంగా తేలాయి. దాంతో ఉన్న మతి కాస్తా పోయింది. మళ్లీ కూడాడు, మళ్లీ అంతే వచ్చాయి. నవంబరు సగం గడిచిపోయింది.

"ఏదో ఒకటి తేల్చండీ. అది అడగటం కూడా మానేసింది, చూశారా?" అంది హైమవతి.

"తొందరపడితే ఎట్లా? దాని లైఫు!" అన్నాడాయన.

హైమవతి చెప్పింది నిజం. మొదట్లో కిన్నెర రోజూ వచ్చి షోకేసు అద్దానికి ముక్కు ఆనించి నన్ను చూసేది. తర్వాత నడుస్తూ నడుస్తూ చూసేది. ఇప్పుడు అసలు చూడటమే లేదు. నాకు భయం వేసింది. నాలో గాలి తగ్గితే పంపుతో కొట్టుకోవచ్చు, ఆ పిల్లలో ఆశ తగ్గితే ఏం కొడతారు?

గడువుకు రెండు రోజులున్నాయనగా ఎవరో చెబితే రైల్వే గ్రౌండుకు వెళ్లాడు. అక్కడ బోర్డు లేదు, బీరువా లేదు. ఎర్రమట్టిలో పిల్లలు గోలగోలగా ఆడుతున్నారు. మెడలో ఈల వేసుకున్న ఒక పెద్దావిడ కనిపించింది. పేరు రోజ్‌మేరీ, ఒకప్పుడు రైల్వే జట్టుకు ఆడిందట, ఇప్పుడు ఈ పిల్లలకు టీచరు. కోదండపాణి పట్టిక తీసి ర్యాంకుల గురించి అడగబోయాడు.

"పాప ఏదండీ?" అందావిడ.

"ట్యూషన్‌కెళ్లింది. ముందు నేను చూసి వెళ్దామనీ..."

"పోనీ, ఏ కాలితో ఆడుద్ది? కుడా, ఎడమా?"

కోదండపాణి పదిహేడు గళ్లూ వెతికాడు. అందులో కాలి గడి లేదు. హైమవతికి ఫోను చేశాడు. "నాకేం తెలుసండీ, మీరు ఆడనిస్తేగా?" అందామె. చివరికి సంచిలోకి తొంగి నా వంక చూశాడు. నాకు మాత్రం ఏం తెలుసు? నెత్తిన బొట్టు చెక్కుచెదరకుండా ఉంది.

ఆ సాయంత్రం కిన్నెరను సందులోకి పిలిచి, నన్ను ఆ పిల్ల ముందు పెట్టాడు. "తన్ను తల్లీ" అన్నాడు.

కిన్నెర కదల్లేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "తప్పు కదా నాన్నా. కళ్లకద్దుకోమన్నావుగా" అంది.

అంత ఓపికమంతుడైన కోదండపాణి మొహంలో అంత దిగులు నేనెప్పుడూ చూడలేదు. ఆయన మీద మొదటిసారి జాలి వేసింది. చివరికి పంచె ఎగ్గట్టి, "ఇదిగో, ముందు నేనే తంతున్నా. దేవుడికి కోపమొస్తే నా మీద రానీ" అన్నాడు.

తన్నాడు. తన్నడం చేతకాని మనిషి! చెప్పు ఊడి ఎదురింటి గోడ మీద పడింది. నేను వంకరగా దొర్లి కరెంటు స్తంభానికి కొట్టుకుని ఆగాను. అది నా జీవితంలో మొదటి తన్ను. కిన్నెర ఫక్కున నవ్వింది. నవ్వుతూనే పరిగెత్తుకొచ్చి ఒక్కటిచ్చింది.

ఎడమ కాలితో.

"కుడికాలు పెట్టమ్..." అనబోయి ఆయన మాట మింగేశాడు. నేను సందు ఈ చివర నుంచి ఆ చివరకు గాలిలోనే వెళ్లాను. బొట్టు సగం రాలిపోయింది.

మర్నాడు పొద్దున్నే నన్ను సంచిలో వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని రైల్వే గ్రౌండుకు వెళ్లాడు. నమస్కారమైనా చెప్పకుండా, "ఎడమ కాలండీ!" అన్నాడు. రోజ్‌మేరీ టీచరు కిన్నెర పేరు రాసుకుంది.

ఇది జరిగి ఆరేళ్లయింది. ఇప్పుడు నా తోలు పొరలు పొరలుగా లేచింది, గాలి ఒక పూట కూడా నిలవదు. ఆ గ్రౌండులోనే గోలుపోస్టు వెనక గోనెసంచిలో పడి ఉంటాను. అప్పుడప్పుడు కొత్త తండ్రులు కాగితాలు పట్టుకుని వస్తారు. టీచరు అదే ప్రశ్న వేస్తుంది, వాళ్లూ కాగితాల్లో వెతుక్కుంటారు.

కిన్నెర పెద్ద జట్లలో గెలిచిందీ ఉంది, ఓడి ఏడ్చిందీ ఉంది. ఒక్కో ఓటమి తర్వాత కోదండపాణి గట్టు మీద కూర్చుని, "ఆ మేడ మీది క్లబ్బులో వేసుంటేనో?" అని తనలో తాను గొణుక్కుంటాడు. ఆయన ఎంచుకున్నది సరైన క్లబ్బో కాదో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఏ కాలో మాత్రం నన్నడగండి.