పసుపు పూసిన కొండరాళ్ళు

ఆ రోజు వాసవీకుమారి కాళ్ళు నేలమీద ఆనలేదు. భువనేశ్వర్ నుంచి వచ్చిన బండి బరంపురం స్టేషన్‌లో పూర్తిగా ఆగకముందే దూకేసి, ఆటో ఎక్కి, బడాబజారుకి తొందరగా పోనిమ్మని ఒడియాలో అరిచింది. చేతిలో ల్యాబువాళ్ళు ఇచ్చిన కాగితాలున్నాయి. వాటిలో క్రోమియం వరుస చూసినప్పటి నుంచి పిల్లకి ఆకలి కూడా తెలియలేదు.

బడాబజారులో ఆమె తండ్రి భీమేశ్వరరావుది తాతల నాటి దినుసుల కొట్టు. పసుపు, మిరపకాయలు, ధనియాలు, జీలకర్ర. కూతురికి మాత్రం దినుసుల కన్నా రాళ్ళ మీదికి మనసు పోయింది. యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివి ఇప్పుడు పరిశోధన చేస్తోంది. ఆ పరిశోధనేమిటో ఇరుగుపొరుగుకి చెప్పలేక తల్లి సత్యవతి "మా పిల్ల రాళ్ళు కొడతాది" అని ఊరుకునేది.

"నానా! దొరికిపోనాది!" అంటూ కొట్టులోకి దూసుకొచ్చింది వాసవి.

"ఏటి దొరికింది? అసలు పోయిందేటి?" అన్నాడు భీమేశ్వరరావు, త్రాసు మీంచి చూపు తిప్పకుండా.

"మట్టి పుట్టిల్లు!"

బేరం ఆడుతున్నావిడ కూడా ఆగి చూసింది. ఇక వాసవిని ఆపడం ఎవరి తరం? భంజనగర్ దారిలో తను ఎక్కే కొండ ఉంది కదా, ఆ కొండరాయి కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున బురద. ఆ బురద భూమి లోపలికి కూరుకుపోయి, కాగి, గట్టిపడి రాయయింది. మరి బురద ఊరికే పుట్టదు. అంతకన్నా పాత కొండలు అరిగితే నదులు మోసుకొచ్చి పోసిన మట్టి అది. ఆ పాత కొండలు ఎప్పుడో మాయమైపోయాయి. కానీ రాయిని పొడి చేసి ఏ మూలకం ఎంతుందో తీస్తే, ఆ పోయిన కొండలు ఎలాంటివో చెప్పొచ్చు.

"జీలకర్ర నలిపి వాసన సూసి ఏ ఊరి సరుకో సెప్పినట్టు" అన్నాడు తండ్రి.

"అచ్చం అదే నానా! అందరూ గ్రానైట్ కొండల మట్టి అనుకున్నారు. నా రాళ్ళలో క్రోమియం పొంగిపోతన్నాది. అంటే అది నల్లరాయి మట్టి. భూమి పసితనం నాటి నల్లరాతి దేశం ఒకటి ఇక్కడెక్కడో ఉండీది!"

భీమేశ్వరరావుకి అందులో సగమే అర్థమైంది. మిగతా సగానికి కూతురి ముఖం చూసి సంతోషించాడు.

పరిశోధన చేయిస్తున్న ధర్మలింగం మాష్టారు మెచ్చుకోవడంలో మహా పిసినారి. అలాంటి మనిషి ఆ కాగితాలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. డిపార్ట్‌మెంట్‌లో జరగబోయే సెమినార్‌లో వాసవి మాట్లాడాలన్నారు. ఆమె ఫలితం అచ్చయి దేశంలోని పెద్దపెద్ద వాళ్ళందరికీ వెళ్ళిపోయింది. ఈ ఒక్కటీ నిలబడితే ఆమె పరిశోధన నిలబడినట్టే. కూలిందంటే రెండేళ్ళపాటు ఎండల్లో కొండలెక్కిందంతా మళ్ళీ మొదటికొచ్చినట్టే.

సెమినార్ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని గ్రాఫులు గీస్తోంది. నల్లరాయిలో క్రోమియం, నికెల్ తోడబుట్టినవాళ్ళలా ఉంటాయి. ఒకటి పెరిగితే రెండోదీ పెరగాలి. ఉత్సాహంగా నికెల్ చుక్కలు పెట్టడం మొదలెట్టింది. అవి పైకెక్కితే కదా! క్రోమియం ఆకాశంలో ఉంటే నికెల్ నేలమీద చతికిలబడి ఉంది.

వాసవి మళ్ళీ కాగితాలు ముందుకు లాక్కుంది. ఏ మూలకం క్రోమియంతో కలిసి పెరిగిందా అని ఒక్కో వరుసా వెతికింది. ఒకటి దొరికింది. సీసం. క్రోమియం ఎక్కువున్న రాయిలో సీసం ఇంకా ఎక్కువ, తక్కువున్న రాయిలో తక్కువ. చుక్కలన్నీ గీత గీసినట్టు వరసలో నిలబడ్డాయి. క్రోమియం సంబరంలో పడి సీసం వరుస వైపు ఇన్నాళ్ళూ ఆమె గానీ మాష్టారు గానీ కన్నెత్తి చూడలేదు.

సీసం, క్రోమియం కలిసి ఉండేది ఏ బురదలో? బురదలో కాదు, రంగు డబ్బాలో. లెడ్ క్రోమేట్. లారీలకి వేసే పసుపుపచ్చ రంగు.

పసుపుపచ్చ అనుకోగానే కళ్ళు గడప మీదికి పోయాయి. సత్యవతి పొద్దున రాసిన పసుపు నిగనిగలాడుతోంది.

దసరా గుర్తుకొచ్చింది. కొట్లో త్రాసులకీ తూనికరాళ్ళకీ పూజ చేసినట్టే ఇంట్లో ఎవరి పనిముట్లకి వాళ్ళు పూజ చేసుకోవడం వాళ్ళ ఆచారం. వాసవి సుత్తి, భూతద్దం పీట మీద పెడితే, "నీకు అన్నం పెట్టేవి రాళ్ళే కదేటే, అవీ పెట్టు" అంటూ సంచిలోని రాళ్ళన్నీ తీయించింది సత్యవతి. తడిపసుపు దండిగా పూసి బొట్లు పెట్టింది. పండగయ్యాక వాసవి వాటిని కుళాయి కింద కడిగి పొడి కొట్టించింది. పొడిలో బంగారం కలుస్తుందేమోనని గాజులు తీసి పక్కన పెట్టిన జాగ్రత్తపరురాలు, పసుపు దగ్గర మాత్రం క్షణం ఆలోచించలేదు. రాతి పగుళ్ళలో కాస్త మిగిలితే మాత్రమేం? పసుపు దుంప కదా, పరీక్షకి ముందు వెయ్యి డిగ్రీల వేడిలో ఎలాగూ కాలిపోతుంది. దినుసుల కొట్టు వాళ్ళమ్మాయి కాబట్టి పసుపంటే పసుపే అనుకుంది. ఇంకొకరైతే అంత ధీమాగా ఉండేవారు కాదు.

వెంటనే డిపార్ట్‌మెంట్‌కి పరుగెత్తింది. ప్రతి రాయినీ కొండ మీదే రెండుగా పగలగొట్టి ఒక సగాన్ని బీరువాలో దాచడం అక్కడి పద్ధతి. పసుపు సోకని ఆ సగాలు పొడి కొట్టించింది. వాటితోపాటు కొట్లోని పసుపు ఒక పొట్లం కట్టుకుని మర్నాడే భువనేశ్వర్ బండెక్కింది. దారిలో చిలికా సరస్సు కనిపించిందో లేదో కూడా ఆమెకి తెలియదు.

పరీక్ష జరిగే గదిలో కంప్యూటర్ ముందు నిలబడింది. ముందు పసుపు పెట్టారు. తెర మీద సీసం గీత నిట్టనిలువుగా లేచింది, దాని పక్కనే క్రోమియం. ఆమెకి ఏడవాలనిపించింది. తన నల్లరాతి దేశం తండ్రి కొట్లోని డబ్బాలో ఉందన్నమాట! తర్వాత రాళ్ళు పెట్టారు. క్రోమియం అడుగంటిపోయింది. కానీ అంకెలు ఒక్కొక్కటే పడుతుంటే ఆమె వంగి తెరకి ముఖం ఆనించినంత పని చేసింది. కొండ పడమటి అంచు రాళ్ళలో క్రోమియం బాగా తక్కువ. తూర్పుకి వచ్చేకొద్దీ కాస్త కాస్త పెరుగుతోంది. ఈసారి నికెల్ కూడా దాంతోపాటే పెరుగుతోంది. సీసం మాత్రం కదలకుండా ఉంది.

"ఇంకోసారి పెట్టండి సార్" అంది. రెండోసారీ అవే అంకెలు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రికి చెప్పేసింది. భీమేశ్వరరావు ఇంతెత్తున లేచాడు.

"పసుపులో సీసమేటి? నీ మెషీను పాడయిపోనాదేమో సూడు!"

"రెండుసార్లు సూసినాను నానా."

ఆయన చూపు కంచంలోని పచ్చటి పప్పు మీద పడింది. ఒకప్పుడు పసుపు కొమ్ములు కొని మరలో ఆడించేవాడు. ఈమధ్య ఒక దళారి తెచ్చే పొడి రంగు బాగుందని దానికి మారాడు. అలాంటి పచ్చదనం బజారులో ఇంకెవరి దగ్గరా లేదని గొప్పలు చెప్పుకునేవాడు.

"మనమూ అదే తిన్నాం కదే" అన్నాడు భార్యతో. చేయి కడుక్కుని లేచిపోయాడు. తెల్లారగానే పసుపు బస్తాలన్నీ గోదాములో పెట్టి తాళం వేసి, ఆహార తనిఖీ ఆఫీసుకి తనే ఫోన్ చేశాడు.

సెమినార్ ముందురోజు ధర్మలింగం మాష్టారు వాసవికి నెమ్మదిగా చెప్పారు. "నమూనాలు కలుషితమయ్యాయని ఒక్క మాట అనీసి ముందుకెళ్ళిపోమ్మా. కొట్టు సంగతి ఎందుకు? మీ నాన్నగారు పరువు గల మనిషి." సత్యవతీ అదే బతిమాలింది. సరేనంది వాసవి.

హాలు నిండిపోయింది. భీమేశ్వరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి వరసలో కూర్చున్నాడు. వాసవి మొదట్లో తడబడినా కొత్త గ్రాఫు తెర మీదికి రాగానే గొంతులోకి ఉత్సాహం పొంగుకొచ్చింది. నదులు ముందు గ్రానైట్ కొండలని అరగదీశాయి. అవి అరిగి అరిగి అడుగున దాగిన నల్లరాయి బయటపడింది. ఆ మట్టీ వచ్చి కలిసింది. ఒక దేశం పైపొర నుంచి లోపలికి అరిగిపోయిన కథంతా ఈ ఒక్క కొండలో వరసగా ఉంది అని చెప్పింది. పసుపు పూత కింద ఇన్నాళ్ళూ దాగింది ఇదే. చప్పట్లు మోగాయి.

అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన శాస్త్రవేత్త.

"మీరు అచ్చువేసి పంపిన కాగితంలో కొండంతా క్రోమియమే అన్నారు. ఇవాళ ఇంకోటి అంటున్నారు. రేపు మూడోది చెప్పరని నమ్మకమేమిటి?"

"ఆ నమూనాలు కలుషితమయ్యాయి సార్."

"దేనివల్ల?"

"పసుపు వల్ల. అందులో లెడ్ క్రోమేట్ కలిసింది."

"ఊహా, రుజువా? ఆ పసుపు ఎక్కడిది? పరీక్ష చేశారా? మళ్ళీ ఎవరైనా చేసి చూడటానికి దొరుకుతుందా?"

కొట్టు సంగతి ఎత్తనని మాటిచ్చిన వాసవి చివరి వరస వైపు చూసింది. మాష్టారు తల దించుకున్నారు. రెండేళ్ళ కష్టం జారిపోతున్నట్టు అనిపించింది ఆమెకి.

చివరి వరసలో కుర్చీ కిర్రుమంది.

"ఆ పసుపు నాదే బాబూ" అన్నాడు భీమేశ్వరరావు ఒడియాలో. అందరూ వెనక్కి తిరిగారు. "బడాబజారులో నా కొట్టుది. నేనే కొన్నాను, నేనే అమ్మినాను. సరుకు గోదాములో తాళమేసి ఉంది. మీరొచ్చి తీసుకెళ్ళి పరీక్ష చేసుకోండి. మా పిల్ల లెక్క తప్పుకాదు."

పెద్దాయన చేతిలోని కాగితం మీద కొట్టు చిరునామా రాసుకున్నారు. తర్వాత వాసవి వైపు తిరిగి, "అయితే మీ కొండ కథ నమ్మొచ్చు" అని కూర్చున్నారు.

భీమేశ్వరరావు తను కూర్చోవచ్చో లేదో తెలియక అలాగే నిలబడ్డాడు. తెర ముందు నిలబడ్డ కూతురికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.