రీజెంట్ లేని వరస

హాల్‌స్టెడ్ కంపెనీ ఖరీదైన కార్లు చేస్తుంది. అమ్ముతుందా అంటే అది వేరే సంగతి. హాల్‌స్టెడ్ కొనాలంటే ముసలి డాక్టరన్నా అయ్యుండాలి, చర్చి పెద్దన్నా అయ్యుండాలి, శవాల్ని సాగనంపే వ్యాపారమన్నా చేస్తుండాలి అని డెట్రాయిట్‌లో చెప్పుకుంటారు. అందులో ఎగతాళి ఎంతుందో నిజమూ అంతే ఉంది. అందుకే ఆ చలికాలం కంపెనీ పెద్దలు క్లిఫ్టన్ మేబ్రీని పిలిచి, పాత మొహమాటాలన్నీ పక్కన పెట్టమన్నారు. కంపెనీ ఇవాళే పుట్టిందనుకుని, ఏయే బండ్లు చేస్తే బాగుంటుందో ఊహించి వరసగా చూపించమన్నారు.

ఏ బండి చెయ్యాలి, ఎవరి కోసం చెయ్యాలి అని ఆలోచించడమే క్లిఫ్టన్ ఉద్యోగం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అతను ఆలోచిస్తూనే ఉన్నాడు, పెద్దలు వద్దంటూనే ఉన్నారు. ఇప్పుడు వాళ్ళే ఊహించమనేసరికి యాభై దాటిన మనిషికి కుర్రతనం వచ్చింది. కిటికీలు లేని గదిలో, ఫోన్లు గుమ్మం బయట పెట్టించి, ఒక గోడ పొడుగునా నిలువెత్తు బొమ్మలు అంటించాడు.

మొదటిది పెద్ద కుటుంబం బండి, మూడు వరసల సీట్లు. దాంట్లో వెనక కూర్చున్న అత్తగారు కూడా సణగకూడదని అతని పట్టుదల. రెండోది పొడుగ్గా, నేలబారుగా, వెనక సామాన్లకి కూడా పైకప్పు కిందే చోటుండే వ్యాగన్ కారు. అమెరికాలో వ్యాగన్లు ఎవరూ కొనరని అనుభవజ్ఞులంతా చెబుతారు. ఆ చెప్పేవాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో పాత వ్యాగన్ ఒకటి ముసుగేసి ఉంటుందని క్లిఫ్టన్‌కి తెలుసు. మూడోది ఊళ్ళో తిరగడానికి చిన్న కరెంటు బండి. నాలుగోది రెండు తలుపులది, పైకప్పు తెరుచుకునేది. దాన్ని కొనేవాళ్ళు కొందరే, చూసి నిట్టూర్చేవాళ్ళు ఊరంతా. ఆ నిట్టూర్పులే మిగతా మూడింటినీ అమ్మిపెడతాయని అతని వాదన.

పేర్లు కూడా మార్చేశాడు. అక్షరాలూ అంకెలూ కలిపి మందుబిళ్ళలకి పెట్టినట్టు పెట్టిన పేర్లు తీసేసి, మిషిగన్‌లోని ఊళ్ళవీ సరస్సులవీ పెట్టాడు. అతని పైఅధికారి గెరిట్ వాండర్‌లాన్ వచ్చి వ్యాగన్ ముందు నిలబడి పేరు చదవబోయి ఆగిపోయాడు.

"కీవీనా. దీన్ని టెక్సస్‌లో ఎవడు పలుకుతాడయ్యా?"

"పలకలేని పేరుకే జనం డబ్బు ఎక్కువిస్తారు. ఫ్రెంచి సెంటు సీసాలు చూడండి," అన్నాడు క్లిఫ్టన్.

గెరిట్ నవ్వాడు. నవ్వుతూనే వరస చివరికంటా నడిచి, ఖాళీ గోడ చూసి, ఇంకేమీ అడగలేదు. అక్కడ ఉండాల్సింది రీజెంట్.

రీజెంట్ అంటే హాల్‌స్టెడ్ వారి పెద్ద కారు. తాతల నాటి నుంచీ అదే కంపెనీకి ముఖం. దాన్ని తీసెయ్యమని క్లిఫ్టన్‌కి ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు అతనే దాన్ని వరస చివర అంటించాడు. రోజూ పొద్దున్నే వచ్చి అది ఎవరి కోసం అని తనని తనే అడిగేవాడు. జవాబుగా చచ్చిపోయినవాళ్ళ పేర్లే తోచేవి. ఒక పొద్దున కాఫీ తాగుతూ దాన్ని గోడ మీంచి ఊడదీసి చుట్టి మూలన పెట్టాడు. తను చేసింది సరైన పనేనని అప్పుడూ అనుకున్నాడు, తర్వాతా అనుకున్నాడు. కష్టమంతా అక్కడే ఉంది. తప్పు చేసుంటే దిద్దుకోవచ్చు. సరైన పని చేస్తే దిద్దుకోవడానికేముంటుంది?

రీజెంట్ తయారయ్యేది ఒక్క రివర్ ప్లాంటులోనే. రివర్ ప్లాంటులో తయారయ్యేది ఒక్క రీజెంటే. అక్కడ తలుపులకి లోపలి అట్టలూ పిడులూ బిగించే లైనులో పనిచేస్తుంది క్లిఫ్టన్ అక్క ఒడెస్సా. పని ఒక్కటే కాదు, ఆ లైనువాళ్ళు ఓట్లేసి ఎన్నుకున్న యూనియన్ మనిషి కూడా.

ఆ చలికాలమే కంపెనీ ఇంకో కబురు పెట్టింది. టెనెసీలో కడుతున్న కొత్త ప్లాంటుకి వెళ్ళదల్చుకున్నవాళ్ళు ఉద్యోగుల ఆఫీసు కిటికీ దగ్గర పేరు ఇవ్వొచ్చు, ఉన్న చోట్లు కొన్నే, శుక్రవారంతో కిటికీ మూసేస్తారు. రివర్ ప్లాంటులో ఒక్కరూ కదల్లేదు. కదలొద్దన్నది ఒడెస్సాయే. కొత్త రీజెంట్ వస్తుందని కిందటేడు మేనేజరు అందరి ముందూ చెప్పాడు, ఆ మాట నమ్మండి, ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పోవద్దు అని ఆమె చెప్పింది. పైగా తమ్ముడు ఆ పెద్ద గదిలోనే కూర్చుంటాడు కదా, ఏదన్నా తేడా ఉంటే ఒడెస్సాకి తెలియకుండా ఉంటుందా అని జనం వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. ఆమె ఔననలేదు, కాదనలేదు.

క్లిఫ్టన్ నోరు మెదపనని సంతకం పెట్టి ఉన్నాడు. బుధవారం పెద్దల ముందు వరస చూపించాక, వాళ్ళు ఎప్పటికో బయటికి చెప్పేదాకా గదిలో మాట గదిలోనే ఉండాలి. కానీ మనసు ఊరుకుంటుందా. ఎవరు పోయినా అక్కకేం కాదు, సీనియారిటీలో అందరికన్నా పైనుంది, శుక్రవారంలోగా ఎలాగోలా చెవిన వేస్తే టెనెసీలో మొదటి చోటు ఆమెదే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. ఎలా చెవిన వెయ్యాలో మాత్రం తోచలేదు. తోచింది ఒక్కటే చేశాడు. రీజెంట్లు ఇంక రావు గనక, అమ్మకి ఒకటి కొనిపెట్టాలని ఉద్యోగుల కుటుంబాలకిచ్చే డిస్కౌంటు మీద ఆర్డరు పెట్టాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అమ్మ ఇంట్లో భోజనాలకి కూర్చున్నారు. వేయించిన చేపా, కాలర్డ్ ఆకుకూరా, మొక్కజొన్న రొట్టే. వాళ్ళమ్మ ఎర్లీన్ మేబ్రీ తెల్ల చర్చి బట్టలింకా మార్చుకోలేదు, టోపీ ఒక్కటి తీసి పక్క కుర్చీకి ఇచ్చింది.

"డెస్సా, విన్నావా? మీ తమ్ముడు నాకు కొత్త రీజెంట్ కొంటున్నాడు," అంది.

"ఉన్నదానికేమైందమ్మా?"

"ఏమీ కాలేదు. నిన్ననే తుడిచాను. నేనూ అదే అన్నాను వీడితో, ఉన్నది బంగారంలా ఉంటే కొత్తదెందుకురా అని. ఇప్పుడే కొనాలమ్మా అంటాడు. ఏం రంగు కావాలో కూడా ఫోన్లో గబగబా అడిగాడు, కొట్టు మూసేస్తున్నట్టు."

ఒడెస్సా ఫోర్కు ప్లేటులో పెట్టేసింది. క్లిఫ్టన్ ఆకుకూరలో ఏదో వెతుకుతున్నాడు. ఆ ఊళ్ళో కార్ల కొంపల్లో పుట్టినవాళ్ళకి ఇది పాలతో అబ్బే చదువు. ఏ బండి ఆపెయ్యబోతున్నారో పేపర్లవాళ్ళకి తెలియకముందే, కంపెనీలో పెద్దవాళ్ళ ఇళ్ళ ముందు అది కొత్తగా మెరుస్తూ వచ్చి నిలబడుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, క్లిఫ్టన్ ఎవరూ ఏమీ అనకుండానే తడుముకున్నాడు. అమ్మ మీద ప్రేమతో చేసిన పని. ఇంకే ఊళ్ళోనైనా అది ప్రేమగానే మిగిలేది.

"పద, గిన్నెలు కడుగుదాం," అంది ఒడెస్సా.

"డాక్టరు నీ భుజానికి విశ్రాంతి ఇవ్వమన్నాడు కదే," అంది అమ్మ.

"వీడు కడుగుతాడు, నేను చూస్తాను. ఇంతకాలం నేను కడిగితే వీడు చూశాడు. ఇవాళ తిరగేద్దాం."

వంటింట్లో ఆమె తలుపు దగ్గరికి వేసి నిలబడింది. అతను కుళాయి తిప్పాడు.

"అక్కా..."

"చెప్పకు," అందామె. "నువ్వు చెప్పావంటే నాకు తెలిసినట్టు. నాకు తెలిస్తే లైను మీద చెప్పి తీరాలి, అది నా పని. అప్పుడు నిన్ను కోర్టుకి లాగుతారు. నువ్వు చెప్పకపోతే నేను అమ్మకి కారు వస్తోందని విన్నాను, అంతే. అది నేరం కాదు."

"సరే."

"ఒకటడుగుతా, తలూపు. వాళ్ళు తీసెయ్యమన్నారా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"నువ్వే తీశావన్నమాట."

నీళ్ళు పారుతూనే ఉన్నాయి. "అది అమ్ముడుపోవట్లేదక్కా. ఎంత లాగినా ఇంకో ఏడాది. తర్వాత దానితోపాటు కంపెనీ అంతా పోతుంది," అన్నాడు.

"తెలుసు. తలుపులు బిగించేది నేను, లైను ఎంత నెమ్మదిగా కదులుతోందో నాకు తెలియదా? కోపం దానికి కాదు. పొమ్మనలేక పొగ పెట్టినట్టు మీ కంపెనీ ఆ కిటికీ తెరిచింది. వాళ్ళని అక్కడికి పోకుండా ఆపింది నేను. చెయ్యి పట్టుకుని ఆపాను. మా లైనులో ఫెలీషా ఇల్లు కూడా చూసుకుంది అక్కడ, వద్దన్నాను."

క్లిఫ్టన్‌కి సిగ్గేసింది. వరస గీస్తున్నంతసేపూ కొనేవాళ్ళ ముఖాలు ఊహించాడు గానీ, ఒక్కసారైనా చేసేవాళ్ళ ముఖాలు ఊహించలేదు. అదే మాట అక్కతో అన్నాడు.

"అందుకు నీకు జీతమివ్వరులే," అంది ఒడెస్సా. "ఇప్పుడు విను. రేపు భోజనం బెల్లు కొట్టగానే నేను పోయి ఆ కిటికీ దగ్గర నిలబడతాను. ఒక్క మాట మాట్లాడను. ఒడెస్సా మేబ్రీ కిటికీ దగ్గర నిలబడిందంటే ఇంకెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి మీ పెద్దలకి తెలుస్తుంది. సాయంత్రానికి తమ్ముడెవరో గుర్తొస్తుంది. నీ బుధవారం పోతుంది. ఉద్యోగం కూడా పోవచ్చు. నువ్వు వద్దంటే నేను నిలబడను. నీ పిల్ల ఇంకా కాలేజీలోనే ఉంది, నాకు తెలుసు."

ఇన్నాళ్ళకి ఊహించమన్నారు. ఊహించింది గోడ మీద నిలబడింది, బాగుంది కూడా. దాన్ని తన నోటితో చెప్పే రోజు ఇంక ఎంతో దూరం లేదు. క్లిఫ్టన్ చెయ్యి తుడుచుకుని, మళ్ళీ తడుపుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు.

"నిలబడు. బెల్లు కొట్టీ కొట్టగానే పో, ఎక్కువమంది చూస్తారు," అన్నాడు.

ఒడెస్సా అతని చేతిలో గుడ్డ లాక్కుని తల మీద ఒక్కటి వేసింది. చిన్నప్పుడు మెచ్చుకున్నా తిట్టినా అంతే చేసేది.

సోమవారం మధ్యాహ్నం గెరిట్ పిలిచాడు. కూర్చోమనలేదు.

"రివర్ ప్లాంటులో కిటికీ దగ్గర జనం గేటు దాకా ఉన్నారట. ముందు నిలబడింది మీ అక్కట. మీరు చెప్పారా?"

"లేదు. చెప్పొద్దంది."

"అదేం జవాబు, క్లిఫ్టన్?"

"మా అమ్మకి కారు ఆర్డరు పెట్టాను. అది విని అక్కే పోల్చుకుంది."

గెరిట్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతనూ ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడే, విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. "తెలిసి చేశారా, తెలియక చేశారా?" అని అడిగాడు.

"కారు తెలియక. తర్వాతది తెలిసే."

"వరస బాగుంది. పెద్దలకి చూపిస్తాం," అన్నాడు గెరిట్. "చూపించేది మీరు కాదు. గది తాళంచెవి ఇచ్చెయ్యండి. మిగతాది లాయర్లు చెబుతారు."

క్లిఫ్టన్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు. బాధేసింది గానీ, అనుకున్నంత వెయ్యలేదు. అక్క పేరు ఈపాటికి టెనెసీ జాబితాలోకి ఎక్కే ఉంటుందన్న ధీమాతో కారు తీసి, షిఫ్టు వదిలే వేళకి రివర్ ప్లాంటు గేటు దగ్గరికి పోయి ఆపాడు.

జనం గుంపులుగా బయటికొస్తున్నారు. ఎవరి మొహంలోనూ పండగ లేదు, అయినా అందరూ ఫోన్లలో ఇళ్ళకి ఏదో చెబుతున్నారు. ఎర్రకోటు తొడుక్కున్న ఒకామె అతన్ని పోల్చుకుని కారు అద్దం మీద తట్టింది. ఒడెస్సాతో పాటు తలుపులు బిగించే ఫెలీషా.

"మీ అక్క లోపల ఉంది, వస్తోంది. నాకు చోటు దొరికింది," అంది.

"సంతోషం. అక్కని ఏ నెలలో రమ్మన్నారు?"

ఫెలీషా అతని వంక వింతగా చూసింది. "ఆవిడ పేరు ఇవ్వలేదు కదా. భోజనం బెల్లు కొట్టిన దగ్గర్నుంచీ ముందు నిలబడింది. మేమంతా వెనక చేరాం. కిటికీ తెరిచి పేరేంటని అడిగేసరికి పక్కకి తప్పుకుని, ఈమెది రాసుకోండి అని నన్ను ముందుకి తోసింది."

ఆమె వెళ్ళాక చాలాసేపటికి గాని ఒడెస్సా రాలేదు. వచ్చి పక్క సీట్లో కూర్చుని, భుజం పట్టుకుని తలుపు లాక్కుంది.

"ఎందుకక్కా?" అన్నాడు క్లిఫ్టన్.

"చోట్లు కొన్నే. నేను తీసుకుంటే ఒకరికి పోతుంది, నేను ఉండమన్నవాళ్ళలోనే ఒకరికి. అదీగాక అమ్మ టెనెసీ వస్తుందా? చర్చి మార్చమంటే దేవుణ్ణే మార్చమన్నట్టు చూస్తుంది."

"ప్లాంటు మూసేస్తారక్కా. నీకేం మిగలదు."

"మూసేదాకా పని ఉంటుంది కదరా. తలుపులు ఎవరో ఒకరు బిగించాలి."

క్లిఫ్టన్ స్టీరింగు పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ అతన్ని నిద్రపోనిచ్చింది ఒకే ఒక్క మాట, అక్కకేం కాదని. గోడ మీద నాలుగు బండ్లకి చోటు చేశాడు. వాటిలో అక్కకి చోటు లేదు. తీసేసింది ఎవరో పెద్దలు కాదు, కాఫీ తాగుతూ తనే. ఏడుపు ఆపుకోలేకపోయాడు, ఆపుకోవాలని కూడా చూడలేదు.

 ఒడెస్సా చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది.

"ఏడిస్తే ఏడు గానీ, ముందు హీటరు వెయ్యరా," అంది.