పూత కింది మనిషి

గాలి మళ్ళీ లేచింది. రేకుల షెడ్డు సందుల్లోంచి ఎర్రటి దుమ్ము దూరి, బొమ్మ మీద ఆరని రంగుకు అంటుకుంది. మహేశ్వరి సూదిమొనతో ఒక్కో ఇసుక రేణువునూ తీస్తోంది. పొద్దుటి నుంచి జీన్సు ప్యాంట్ల దారాలు కత్తిరించి వచ్చిన వేళ్ళవి. గోళ్ళలో నీలం ఇంకా వదల్లేదు.

రాయదుర్గంలో బోర్డులు రాసే జాకబ్ దగ్గర ఆమె ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటోంది. ఫ్లెక్సీలొచ్చాక బోర్డులు పోయాయి, ఇళ్ళలో తగిలించే బొమ్మలకే కాస్త గిరాకీ మిగిలింది. జాకబ్ నేర్పే పద్ధతి ఒక్కటే. అచ్చుబొమ్మ మీద చిన్న గళ్ళు, గుడ్డ మీద పెద్ద గళ్ళు గీసి, గడి తర్వాత గడి దించాలి. ఈసారి దించుతున్నది కళ్ళంలో చెనిక్కాయలు వలిచే ఆడవాళ్ళ బొమ్మ. నలుగురు నవ్వుకుంటూ వలుస్తుంటారు. ఐదో ఆమె గోడవారన విడిగా కూర్చుని ఉంటుంది. బోసి నొసలు, బోసి చేతులు.

ఆ గడుల దగ్గరకొచ్చేసరికి మహేశ్వరి చెయ్యి అక్కడి నుంచి కదిలేది కాదు. ఇంకా చాల్లేదనిపించి రంగు మీద రంగు వేసింది. అంత మందంగా వేస్తే గట్లు లేస్తాయని జాకబ్ చెప్పినా వినలేదు. ఆమె మొగుడు కుళ్ళాయప్ప తాడిపత్రిలో బండలు పాలీషు పట్టి, రొమ్ము నిండా దుమ్ము నింపుకుని పోయాడు.

బొమ్మ చేయించుకుంటున్నది బట్టలంగడి నారాయణస్వామి భార్య పద్మావతమ్మ, కొత్తింటి హాలు కోసం. ఆరిన బొమ్మ చూసి ఆమె మొహం ముడుచుకుంది. శుభమా అని ఇల్లు చేరుతుంటే ఎదురుగా విధవ కూర్చోవడమేమిటి, తీసేయమంది. ఈ బొమ్మ నచ్చితే ఆమె చుట్టాల ఇళ్ళ పని కూడా వస్తుంది, మహేశ్వరి దారాల పని మానుకోవచ్చు. అందుకే గోడరంగు కలిపి ఐదో ఆమె మీద పూసేసింది. మొహాన్ని ఆఖరున పూసింది.

మర్నాడు కిటికీలోంచి పక్క ఎండ పడగానే, ఐదో ఆమె గోడలో కూర్చునే ఉంది. వంగిన వీపు, నొసలు, ముక్కు, గట్లన్నీ నీడలై లేచాయి. మళ్ళీ పూసింది. మళ్ళీ లేచింది. ఫ్యాక్టరీలో ప్యాంట్ల గుట్ట నడుమ, బస్సు అద్దంలో, యాడ చూసినా అదే నొసలు.

ఇవాళ పద్మావతమ్మ వచ్చేసరికి కూడా ఎండ పక్కవాటుగానే ఉంది. ఆమె బొమ్మ ముందు నిలబడి, చప్పున రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇదేందప్పా జాకబూ, ఈడనే ఉండాది గదా."

"కింద మందంగా పడిందమ్మా. ఎన్ని పూసినా పోదు" అన్నాడు జాకబ్, తలవంచుకుని.

పద్మావతమ్మ మళ్ళీ దగ్గరికొచ్చి చూసింది. ఈసారి గొంతులో దయ కూడా ఉంది.

"పోకుంటే పోనీలే. పైపూత తుడిచి, నొసట ఇంత బొట్టు పెట్టు, చేతులకు గాజులెయ్యి. ముత్తైదువైతే సరిపాయ."

మహేశ్వరి టర్పెంటైన్ గుడ్డతో తుడిచింది. పచ్చిపూత కరిగి, కిందనున్న ఆమె తడి మొహంతో బయటికొచ్చింది. జాకబ్ రంగులు కలిపే పలక మీద ఎర్రరంగు పిండాడు. మహేశ్వరి కుంచె ముంచి, నొసటి దాకా తీసుకుపోయింది.

కుళ్ళాయప్ప పోయిన పదో దినం రామక్కత్త మహేశ్వరికి తలనిండా పూలు పెట్టింది, మోచేతుల దాకా గాజులేసింది, రూపాయంత బొట్టు పెట్టింది. కాసేపటికి, పెట్టిన ఆ వేలితోనే తుడిచింది.

కుంచె వెనక్కి వచ్చింది.

"నేను పెట్టనమ్మా."

"ఏమే, రంగే గదా."

"నాకూ ఇట్లే పెట్టినారు. తుడిచేకి."

పద్మావతమ్మ చెంగు సర్దుకుని బయటికి నడిచింది. కారు కదిలింది. జాకబ్ ఎర్రరంగు ట్యూబుకు మెల్లగా మూత తిప్పాడు.

రోడ్డు మీది దుమ్ము లోపలికొచ్చింది. పలక మీది ఎర్రటి ముద్ద మీద కూర్చుంటోంది. మహేశ్వరి సూది ముట్టుకోలేదు.