కొసరు రాయి

భువనేశ్వరి మెట్లెక్కేటప్పుడు మొదటి మెట్టుని ఒకటి అనదు, లాభం అంటుంది. కొలిచేటప్పుడు మొదటి కొలతని లాభం అనడం వ్యాపారస్థుల ఇళ్లలో మాటలతో పాటే వచ్చే అలవాటు. లాభం, రెండు, మూడు అనుకుంటూ, కుడి మోకాలు పట్టుకుని, పొద్దున తొమ్మిదింటికి గడప దాటి ఇరవై తొమ్మిది మెట్లు ఎక్కితే గాని షావుకారుపేటలో ఆమె వీధి ఆమెకి కనిపించదు. పైకి చేరాక కరెంటు స్తంభం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుని, పురసవాక్కం బస్సుకి పోతుంది. అక్కడ బట్టల కొట్ల మధ్య ఆమెకో జాకెట్లు కుట్టే చిన్న కొట్టుంది.

ఆమె పైకి చేరేదాకా మొగుడు ఆదిమూలం కింద గడప దగ్గర నిలబడి లెక్క వింటాడు. 'ఇరవై తొమ్మిది' అని పైనుంచి వినిపించాక లోపలికొచ్చి, మెత్తటి గుడ్డ తీసుకుని, రాళ్లు తుడవడం మొదలుపెడతాడు.

రాళ్లంటే తూకపు రాళ్లు. ఆదిమూలం శెట్టి ఒక పప్పుల హోల్‌సేల్ కొట్లో ముప్పై నాలుగేళ్లు కాటా దగ్గర కూర్చున్నవాడు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చిన రోజున యజమాని పాత రాళ్లన్నీ గోనెసంచిలో వేయించి పాత ఇనుం వాళ్లకి అమ్మేశాడు. ఊరందరి సరుకూ తూచిన రాళ్లని ఆ కొత్త కాటా మీద పెట్టి తూచి మరీ అమ్ముతుంటే ఆదిమూలం చూస్తూ ఊరుకోలేకపోయాడు. సంచిలోంచి అయిదు కిలోల రాయొకటి లాగేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. అది మొదటిది. ఆయన లెక్కలో లాభం.

ఆ రోజే ఇల్లు రెండు వేళ్లు దిగింది.

చెన్నపట్నంలో ఇళ్లు దిగడం ఒక వింత కాదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే పాత ఇళ్ల గడపలు కిందికి పోక ఏం చేస్తాయి? అందుకని ఆదిమూలం ఇల్లు రాయికి రెండు వేళ్ల చొప్పున దిగుతోందంటే వీధిలో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. "మాది రోడ్డుకి దిగతా ఉండాది, మీది రాళ్లకి దిగతా ఉండాది, అంతే కదా భువనా," అంది ఎదురింటి కమలాంబ. నాలుగు రాళ్లకి ఒక మెట్టు దిగేది. అప్పుడు మేస్త్రీ వచ్చి కొత్త మెట్టు కట్టి పోయేవాడు. పోస్టు మనిషి ఉత్తరాల్ని పైనుంచే వదిలేసేవాడు. గ్యాస్ సిలిండర్ మోకు కట్టుకుని దిగేది. ఎండ మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి పది నిమిషాలుండి పోయేది. కొట్టు లేని రోజున ఆ పది నిమిషాల్లోనే భువనేశ్వరి బట్టలారేసుకోవాలి, అప్పడాలు ఎండబెట్టుకోవాలి, తల ఆరబెట్టుకోవాలి.

వానలొస్తే మోటారు పెట్టి తోడించాలి. ఆ మోటారు పెట్టేది కూడా ఆవిడే. ఆయనకి రాళ్లు తడవకుండా పై అరలకి ఎత్తే పనే సరిపోయేది.

ఇనుప రాళ్లు, ఇత్తడి రాళ్లు, వీశలు, పలాలు, తులాలు, సర్కారు ముద్ర ఉన్నవి, ముద్ర అరిగిపోయినవి. వ్యాసర్పాడిలో పాత ఇనుం కొట్టు నడిపే అరుముగం ఒక్కోటీ ఏరి పక్కన పెట్టి కబురు పెట్టేవాడు. రాయి చేతికొచ్చిన ఆ క్షణంలో ఆదిమూలం మొహం చూడాలి. పెళ్లిలో కూడా ఆ మొహం చూడలేదు భువనేశ్వరి. మొదట్లో ఆ మొహం చూసే ఆవిడ మెత్తబడింది, మెత్తబడి ఊరుకుంది, ఊరుకుని మోకాళ్లు పోగొట్టుకుంది.

"ఎప్పుడు ఆపుతారండి?" అని అడిగితే, "వందకి ఆపేస్తా," అన్నాడు ఒకసారి.

వందయింది. ఇరవై అయిదు మెట్లయినాయి. "సున్నాతో ఆపితే ఇంటికి మంచిది కాదు భువనా. నూట ఎనిమిది చేసి ఆపేస్తా," అన్నాడు.

నూట ఎనిమిదయింది. ఇరవై ఏడు మెట్లు. "అది జపమాల లెక్క. సన్యాసుల లెక్క. సంసారులం, మనం ఏది చదివించినా నూట పదహార్లే కదా?" అన్నాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడితో వాదించలేం. ఈయనైతే ప్రతిసారీ కొత్త కుందేలుని పట్టుకొచ్చేవాడు. నిజం చెప్పాలంటే ఆయనకి చాలు అనే మాట అలవాటు లేదు. కాటా దగ్గర కూర్చున్నన్నాళ్లూ ఆ మాట ఎదుటివాళ్లు అనాల్సింది. వాళ్లు చాలు అనేదాకా పొయ్యడమే ఆయన పని. ఇంట్లో అన్నం దగ్గరైనా అంతే. భువనేశ్వరి గరిటె పట్టుకుని, "చాలా?" అని అడిగితే విస్తరి వైపు చూస్తూ ఊరుకునేవాడు. ముప్పై ఒక్కేళ్ల సంసారంలో ఆ ఒక్క మాట ఆవిడ ఆయన నోట వినలేదు.

నూట పదహారో రాయి వచ్చిన వారానికి భువనేశ్వరి తన మోకాళ్లు చూపించుకోడానికి ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయింది. డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పెట్టి చూసి, "ఇరవై తొమ్మిది దాకా లాక్కురావచ్చు. ముప్పయ్యో మెట్టు మాత్రం ఈ మోకాళ్లు ఎక్కవు. ఇల్లన్నా మారండి, ఇంటినన్నా ఆపండి," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆవిడ గోడకి కొట్టిన త్రాసుని చూపించింది. అది ఆయన తాత రామలింగం శెట్టి నాటిది. కొత్వాల్ చావడిలో బియ్యం కొట్టు నడిచిన రోజుల్లోది.

"దాని మీద చెయ్యి పెట్టండి. ఇంకో రాయి ఈ గడప తొక్కితే, నేను ఈ గడప తొక్కను."

ఆదిమూలం చెయ్యి పెట్టాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. దొంగ కన్నీళ్లు కావవి. భార్య లేకపోతే తన బతుకేమిటో ఆయనకి బాగా తెలుసు. అన్నీ తెలిసినవాడే పాపం.

పద్నాలుగు నెలలు ఒక్క రాయి రాలేదు. ఇల్లు ఒక్క వేలు దిగలేదు. మేస్త్రీ వేరే పనులు చూసుకున్నాడు. భువనేశ్వరి మెట్ల పక్కన రెండు కనకాంబరం కుండీలు పెట్టింది, ఎండ చాలక అవి పూయలేదు గాని చావనూ లేదు. ఆవిడకి అదే చాలనిపించింది.

అప్పుడు అరుముగం ఫోనుకి ఒక ఫొటో పంపాడు.

ఆదిమూలం ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూశాడు. అర పలం ఇత్తడి రాయి, బొటనవేలంత. తల మీద చిన్న శంఖం గుర్తు, అంచున ఒక సొట్ట. ఆ సొట్ట పెట్టింది తనే. అయిదేళ్లప్పుడు తాత కొట్లో రోకలితో కొట్టి తన్నులు తిన్నాడు. తాత ఆ రాయిని తూకానికి వాడేవాడు కాదు, కొసరుకి వాడేవాడు. కొసరంటే తూకం ముగిశాక పైన వేసే గుప్పెడు. "చెయ్యి పక్షపాతం చేస్తుందిరా, రాయి చెయ్యదు," అని చెప్పి ప్రతివాళ్లకీ కొసరు కూడా తూచే ఇచ్చేవాడాయన.

చూసొస్తే తప్పేముంది అనుకున్నాడు. భువనేశ్వరి మెట్ల లెక్క ముగియగానే చొక్కా తొడుక్కుని వ్యాసర్పాడి పోయాడు.

"వాంగ, రండి శెట్టియారే," అన్నాడు అరుముగం. "అమ్మగారు ఒద్దన్నారే అని చాలా దినాలు ఫోన్ చెయ్యలేదు. ఇది చిన్నదే కదా అని..."

"చూసేదానికే వచ్చినా. తీసుకునేదానికి కాదు."

"చూడండి, చూడండి. చూస్తే ఏమవుతుంది?"

ఆదిమూలం రాయిని అరచేతిలో పెట్టుకున్నాడు. దాని బరువు చేతికి తెలియనే లేదు. తెలిసింది ఇంకేదో. తాత చొక్కా వాసన, బియ్యపు దుమ్ము, బండి ఎద్దుల గంటలు, ఎవరో తనని ఎత్తుకుని కాటా పళ్లెంలో కూర్చోబెట్టడం. తానూ ఒకప్పుడు తక్కువ బరువున్న ప్రాణినే అని గుర్తొచ్చి ఆయనకి ఏడుపొచ్చింది.

తిరిగొస్తూ బస్సులో ఆయన తనకి తానే చెప్పుకున్నాడు, కొసరు లెక్కలోకి రాదు. ఏ కొట్టు చిట్టాలోనైనా కొసరు రాస్తారా? వెయ్యి బస్తాలు తూచినా తూకమే రాస్తారు. పైన వేసింది దేవుడికి తెలుసు, తీసుకున్నవాడికి తెలుసు, అంతే. నూట పదహారుకి ఆపానా? ఆపాను. ఇది నూట పదిహేడోది కాదు, నూట పదహారు మీద కొసరు. మూడు తరాల వ్యాపారం చేసిన వంశంలో పుట్టినవాడికే ఇలాంటి వాదన తోస్తుంది. మామూలు మనిషైతే రాయిని రాయే అనుకునేవాడు.

మూడింటికి ఇల్లు చేరాడు. చేతిరుమాల్లోంచి రాయి తీసి, అరలో అన్నిటికీ చివర, వేలెడు దూరంలో విడిగా పెట్టాడు. గోడకి చెవి ఆనించి విన్నాడు. నిశ్శబ్దం. నేల కదల్లేదు. కుండలో నీళ్లు కూడా తొణకలేదు.

"చూసినావా? నాకు తెలుసు," అన్నాడు ఇంటితో. మంచినీళ్లు ముంచుకుని తాగాడు.

గ్లాసు కింద పెడుతుండగా చెవులు గుయ్యిమన్నాయి. కిటికీలోంచి కనిపించే కనకాంబరం కుండీలు పైకి పోయాయి. తర్వాత మెట్లు పోయాయి, ఒకటి తర్వాత ఒకటి, తీరిగ్గా, ఎవరో లెక్కపెడుతున్నట్టు. ఆఖరి మెట్టు కూడా గుమ్మం మీదుగా పైకి పోయింది. ఆ తర్వాత మట్టి, ఎర్ర మట్టి, నల్ల మట్టి, ఇసక, పాత పెంకులు, తడి. అసలు కంటే కొసరెక్కువ అంటారే, అలా నూట పదహారు రాళ్లకీ దిగనంత లోతు ఆ అర పలానికి దిగింది ఇల్లు. ఆగేసరికి గుమ్మం ముందు నిలబడి తలెత్తి చూస్తే ఆకాశం చేతిరుమాలంత ఉంది.

కమలాంబ ఫోన్ చేస్తే భువనేశ్వరి ఆటోలో వచ్చింది. నాలుగున్నరయింది. చేతిలో ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. గట్టు అంచున నిలబడి కిందికి చూసి, "ఏమండీ! ఉండారా?" అని అరిచింది.

"ఉండా."

"దెబ్బలేమైనా తగిలినాయా?"

"లేదు."

"ఏం తెచ్చినారు?"

ఆదిమూలం గుమ్మంలోంచి ఒకడుగు లోపలికి జరిగాడు. ఆవిడ మళ్లీ అడగలేదు.

అరుముగం గిలక, మోకు, ఇనుం ఎత్తే పెద్ద తట్ట తెచ్చాడు. తన ఫొటో ఎంత పని చేసిందో తెలిసి మొహం వేలాడేసుకుని వచ్చాడు. వీధిలో మగవాళ్లు నలుగురు మోకు పట్టారు. తట్ట ఊగుతూ, గోడలకి తగులుతూ, చాలాసేపటికి కిందికి వచ్చింది.

"ఉత్త చేతులతో కూర్చోండి," అంది భువనేశ్వరి. "ఈ దినానికి కమలాంబత్త ఇంట్లో ఉందాం. తర్వాత కొట్టు వెనక గది ఉండాది. ఇద్దరికీ సరిపోతాది. ఆడ మెట్లు లేవు."

ఆ గొంతులో కోపం లేకపోవడం ఆదిమూలానికి కొరడా దెబ్బలా తగిలింది. ఆవిడ ఒట్టు గుర్తు చెయ్యలేదు. ఇంకా ఇద్దరికీ అంటోంది. తను ఇంత నీచుడై ఉండి, ఇంకా ఇద్దరికీ అనిపించుకుంటున్నాడు. తట్టలో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"లాగండి!"

తట్ట లేచింది. మూరెత్తు, బారెత్తు లేచింది. గుమ్మం పైనున్న గవాక్షం కళ్లకి ఎదురయ్యేంత ఎత్తుకి వచ్చింది. అందులోంచి అర కనిపించింది. నూట పదహారు రాళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. చివర ఆ చిన్నది ఒక్కటే విడిగా, ఎవరూ లేనట్టు.

"ఆగండాగండి! దించండి!"

"ఏమైంది శెట్టియారే?"

"చెప్పులు మర్చిపోయినా. ఒక నిమిషం."

దించారు. ఆయన లోపలికి పోయి, చెప్పులు తొడుక్కుని, రాయి తీసి పంచె అంచులో చుట్టి నడుములో దోపుకున్నాడు. వచ్చి తట్టలో కూర్చున్నాడు. ఇదొక్కటే. మిగతావన్నీ ఇక్కడే వదిలేస్తున్నా కదా, నూట పదహారూ వదిలేస్తున్నా కదా అనుకున్నాడు.

"లాగండి!"

మోకు బిగిసింది. తట్ట కదల్లేదు. పైన ఇంకో ఇద్దరు చెయ్యి వేశారు. తర్వాత దారినపోయే ఆటో వాళ్లు కూడా వచ్చి పట్టారు. గిలక కిర్రుమంది. మోకు పోగులు ఒకటి రెండు తెగి, ఊగుతూ కిందికొచ్చి ఆయన భుజం మీద పడ్డాయి.

"ఏమండీ," అంది భువనేశ్వరి. "నడుములో ఏముండాది?"

ముప్పై ఒక్కేళ్లు కాపరం చేసిన మనిషి, అంత లోతుకి కూడా ఆవిడకి కనిపిస్తుంది.

"చిన్నదే భువనా," అన్నాడు ఆదిమూలం. "తాత రాయి. కొసరు. లెక్కలోకి రాదు."

ఆయన చెయ్యి నడుము దగ్గరికి పోయింది. మడత విప్పితే చాలు, రాయి జారి కింద పడుతుంది, తట్ట లేస్తుంది, పైన వీధి ఉంది, బస్సుంది, మెట్లు లేని గది ఉంది, ఆవిడ ఉంది. అన్నీ తెలుసు ఆయనకి. వేళ్లు మడత మీద వాలాయి. బట్టలోంచి రాయి వెచ్చగా తగిలింది. వేళ్లు అక్కడే ఉండిపోయాయి. విప్పు, విప్పరా అని మనసులో ఏడుస్తూనే ఉన్నాడు. వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి.

పైన వాళ్లు రొప్పుతున్నారు. ఎవరిదో అరచెయ్యి కోసుకుపోయినట్టుంది, అబ్బా అన్నాడు. భువనేశ్వరి ఇంకాసేపు చూసింది. ఎంతసేపో ఆయనకి తెలియలేదు.

"చాలు," అంది.

ఆయనతో కాదు, మోకు పట్టినవాళ్లతో. గట్టిగా కూడా అనలేదు. అయినా ఆ మాట ఇరవై తొమ్మిది మెట్లూ దిగి, ఆ కింద మట్టీ ఇసకా పెంకులూ దాటి, ఆదిమూలం దాకా స్పష్టంగా వచ్చింది. మోకు వదులై వచ్చి ఆయన చుట్టూ పడింది.

ఆయన చెవులు రిక్కించి విన్నాడు. ఆవిడ చెప్పుల చప్పుడు గట్టు మీంచి వీధిలోకి, వీధిలోంచి బస్టాపు వైపు పోయింది. చదునైన నేల మీద నడుస్తోంది కాబట్టి మధ్యలో ఎక్కడా ఆగలేదు. లెక్క కూడా పెట్టలేదు.