రెండో చప్పుడు

మా బావ చెవులు పనిచేసినంత కాలమే నా వేళ్లు. మా షెడ్డులో పని అలాంటిది మరి. ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో అచ్చులో పెట్టేది నేను. మీట నొక్కి ఎద్దంత సుత్తిని దానిమీద పడేసేది బావ, అంటే మా అక్క మొగుడు. నేను చేతిసుత్తితో అచ్చు కింది ఇనుప దిమ్మెను ఒకసారి టంగుమనిపిస్తే వెయ్యమని, రెండుసార్లయితే ఆపమని. ఆ మోతలో గొంతు చించుకున్నా ఎవడికీ వినపడదు. ఆ సన్నటి చప్పుడొక్కటే దూసుకెళ్తుంది.

ఆమధ్య బావ కాలికి ఇనుము గీసుకుని చీము పట్టింది. ఆస్పత్రిలో ఘాటైన ఇంజెక్షన్లు పొడిచి పొడిచి కాలు నిలబెట్టారు. తిరిగొచ్చాక మనిషి తూలడం మొదలెట్టాడు. చీకటి పడితే గోడ పట్టుకుని నడిచేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. అది మాకేం వింత కాదు, మా షెడ్డులో అందరిదీ సగం చెవుడే. కానీ ఆ తూలుడు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

మాలో ఒక కట్టుబాటుంది. తాగి సుత్తి దగ్గరికొచ్చినవాణ్ణి యజమానికి పట్టివ్వం. ఇంటివాళ్లే బొగ్గుల కొట్టు వెనక్కి ఈడ్చుకెళ్లి తన్ని, మళ్లీ పనిలోకి తెస్తారు. విషయం యజమాని దాకా పోతే మీట పోతుంది, దాంతోపాటే కూడూ పోతుంది.

ఒక మధ్యాహ్నం బావ మీట దగ్గరే తూలి పడబోయాడు. కాలరు పట్టుకుని కొట్టు వెనక్కి ఈడ్చుకెళ్లాను.

"తాగావా?" మొహంలో మొహం పెట్టి అరిచాను.

నా పెదాల వంకే చూశాడు. "తాగాను" అన్నాడు.

వాసన రాలేదు. కోపంలో ఉన్నవాడికి ముక్కెక్కడ పనిచేస్తుంది! మొదటి గుద్దుకే పెదవి చిట్లింది. కిందపడేసి డొక్కలో తన్నాను. "నా వేళ్లేమన్నా పొయ్యిలో పుల్లలనుకున్నావా?" అంటూ మీద కూర్చుని చెంపలు వాయించాను. బావ చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. రక్తం ఉమ్మేసి, "అయిందా? పద, ఇనుము చల్లారిపోతోంది" అన్నాడు.

రెండు రోజులకు ముక్క అచ్చులో ఇరుక్కుంది. టంగు టంగుమని రెండుసార్లు కొట్టి, కొక్కెంతో లాగడానికి కుడిచెయ్యి లోపల పెట్టాను. సుత్తి దిగింది.

నొప్పి తర్వాతెప్పుడో వచ్చింది. ముందు చూశాను. నా చేతికి బొటనవేలొక్కటే మిగిలింది. మిగతావి ఇనుముకు అతుక్కుని పొగలు కక్కుతున్నాయి. నేను అరుస్తుంటే బావ నా నోటి వంక చూస్తూ, "ఒకటే కదరా కొట్టావు! ఒకటే కదా!" అంటున్నాడు.

ఆస్పత్రిలో అక్క బావ చొక్కా పట్టుకుని చెవుల డాక్టరమ్మ ముందుకు తోసింది. ఆవిడ కాళ్లు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమని సైగ చేసింది. కళ్లు మూశాడో లేదో, బావ నరికిన చెట్టులా ఒరిగిపోయాడు. పక్కనున్న నర్సు పట్టుకుంది.

"వినికిడీ, ఒంటి నిలకడా రెండూ లోపలి చెవిలోనే ఉంటాయమ్మా" అంది డాక్టరమ్మ. "సుత్తి మోత సగం తినేసింది. ఇంజెక్షన్లు మిగతాది తుడిచేశాయి. సన్నటి చప్పుళ్లు బొత్తిగా వినపడవు. కళ్లతో చూసుకుంటూ నెట్టుకొస్తున్నాడు. పోయింది ఇక రాదు."

నా మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాడు బావ. "మరి ఇన్నాళ్లూ ఎలా వేశావు?" అన్నాను.

"నీ భుజం చూసి. ఒకసారి లేస్తే ఒకటి, రెండుసార్లు లేస్తే రెండు అనుకునేవాణ్ణి. ఆవేళ రెండోసారి లేవడం కనపడలేదురా."

"తాగానని ఎందుకు చెప్పావు?"

"తాగినోణ్ణి తన్ని మళ్లీ మీట దగ్గర నిలబెడతారు. చెవిటోణ్ణి ఇంటికి పంపేస్తారు. మీ అక్కకేం పెట్టనురా?"

"దొంగ సచ్చినోడా! దానికి నా చెయ్యి బలిచ్చావా?" మంచం దిగి ఎడమ పిడికిలితో మూతి మీద గుద్దాను. పన్ను ఊడి నేలమీద పడింది. చంపేద్దామనే ఉంది నాకు. నిజంగా చంపేద్దామనే.

"చంపెయ్యరా! ఇద్దరూ చావండి, నాకు పీడా పోతుంది!" అంటూ అక్క మధ్యలోకి దూరింది.

బావ ఆమెను పక్కకు జరిపాడు. "కొట్టు. మొన్న లేని తప్పుకు కొట్టావు. ఈసారి ఉన్నదానికి కొట్టు" అని, దెబ్బకు సిద్ధమై కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

మూసుకోగానే ఒరిగాడు.

ఎప్పుడు ముందుకు దూకానో నాకే తెలియదు. కట్టు కట్టిన కుడిచేత్తోనే పట్టుకున్నాను. ప్రాణం పోయినంత పనైంది. కట్టు ఎర్రబడుతోంది, మనిషి బరువంతా దానిమీదే.

"కళ్లు తెరువు బావా! కళ్లు తెరువు!" అని అరిచాను.

ఆయనకు వినపడలేదు.