దస్తగిరి తుడిచిన బొగ్గింజను

నేను ఒక బొగ్గింజన్ని. అంటే, ఇప్పుడు పూర్తి ఇంజన్ని కాను, దాని ముఖాన్ని మాత్రమే. మిగతా ఒళ్ళు ఏమైందో వింటే మీరే నొచ్చుకుంటారు.

సముద్రాలకావల ఏదో కార్ఖానాలో పుట్టి, ఓడెక్కి మద్రాసు రేవులో దిగాను. ఎర్రగొండ షెడ్డుకు చేరి, జీవితమంతా చిన్న పట్టాల మీద నడిచాను. వేరుశనక్కాయల మూటలు, పెళ్ళిబృందాలు, తిరునాళ్ళ జనం, అందర్నీ మోశాను. దిగగానే ‘ఛీ, మసి’ అని చొక్కాలు దులుపుకునేవాళ్ళు. పెద్ద పట్టాలొచ్చి నన్ను మూలన పడేశాక, అదే మసిని వారసత్వం అన్నారు. మనుషులతో వచ్చిన చిక్కే అది.

డ్రైవరు దస్తగిరి మాత్రం అట్లాంటివాడు కాదు. రిటైరయ్యాక కూడా కంపచెట్ల మధ్య తుప్పు పడుతున్న నన్ను చూడ్డానికి వచ్చేవాడు. పాత ఇంజన్లన్నిటినీ తుక్కుకు కోసేస్తారని తెలిసి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కనపడ్డ ఆఫీసరునల్లా బతిమాలాడు. చివరికి రైలు మ్యూజియం నుంచి ఒక మేడం వచ్చి, వరసలో నన్నొక్కదాన్నే ఎంచి, కడుపు మీద సున్నంతో గుండ్రం గీయించింది. గుండ్రం ఉన్నది మ్యూజియానికి, లేనివి కోతకు. అది గీసే వేళకు దస్తగిరి అక్కడ లేడు. నేను బతికిపోయానన్న కబురు మాత్రం అందింది.

కిరసనాయిలు డబ్బా, గుడ్డపీలికలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "మ్యూజియానికి పోతాండావే నా తల్లీ! ఈ మొకంతోనే పోతావా?" అంటూ తల నుంచి చక్రాల దాకా రుద్దాడు. సున్నపు గుండ్రం కనపడింది. "ఈ పిల్లోళ్ళకు గీతలు గీసేది తప్ప పనే ల్యా" అని విసుక్కుని, దాన్నీ శుభ్రంగా తుడిచేశాడు. ఒద్దురా నాయనా అని అరవాలనుకున్నాను. ఆవిరి లేని ఇంజను ఎట్లా అరుస్తుంది?

మర్నాడు పూలదండ పట్టుకుని ఆయన వచ్చేసరికి గ్యాసు మంట నా కడుపును కోస్తోంది.

"ఆపండ్రా! అది మ్యూజియం బండి!"

"గుర్తేదీ పెద్దాయనా?" అన్నాడు కోత మేస్త్రి. "సున్నం గీత లేనియన్నీ కొయ్యమన్నారు. నువ్వే సూడు, యాడన్నా ఉందా?"

దస్తగిరి చూశాడు. కొయ్యని భాగమంతా అద్దంలా మెరుస్తోంది. తన చేతులకేసి చూసుకున్నాడు. ఆ చేతులతోనే కాలుతున్న ఇనుమును గట్టిగా పట్టేసుకున్నాడు. కూలీలంతా కలిసి లాగితే గాని వదల్లేదు.

మేడం వచ్చేసరికి నా ముఖం ఒక్కటే మిగిలింది. దాన్నే తెచ్చి మ్యూజియం గోడకు బిగించారు. జనం నా పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంటారు.

ఒకరోజు దస్తగిరి వచ్చాడు. అడ్డం కట్టిన తాడు దగ్గరే ఆగిపోయాడు. మేడం గుర్తుపట్టి, తాడు పక్కకు తీసి, "రండి, మీరు ముట్టుకోవచ్చు" అంది.

"ఒద్దులే తల్లీ," అన్నాడు. "నేను ముట్టుకున్నందుకే గదా."

ముట్టుకో దస్తగిరీ, ఒక్కసారి ముట్టుకో అని గోడ మీద నుంచి ఎంత మొత్తుకున్నానో. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.