ముందు అంటే ఏ ముందు

ఇట్లా దగ్గరికి జరుగు పాప్పా, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట వినపడదు. మన మహేశ్వరిప్రియ విరుదునగర్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పటి సంగతి, రెండువేల ఆరులో.

ఆకాశంలో చుక్కల ఊళ్ళుంటాయి, గెలాక్సీలంటారు. అవి గుంపుగా చేరితే, ఆ గుంపు బరువే వెనకున్న ఊళ్ళ వెలుగును వంచుతుందంట. వాటి రూపు రవ్వంత సాగుతుంది. ఎంత సాగిందో చూసి బరువు కట్టాలి. పుట్టుకలోనే వంకరవీ ఉంటాయి గనక వందలు కలిపి సగటు తీయాలి. గుంపుకి ముందు నిలిచినవి సాగవు, వాటిని కొట్టేయాలి.

ఆ పనిలో బాలచందర్ సార్ ఆమెకు జత వేసింది కోవిల్‌పట్టి ముత్తుపాండిని. మొదటి ర్యాంకు కోసం ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇద్దరింట్లోనూ మన తెలుగే. ఏ ఊరు గుంపుకి ముందుదో, ఏది వెనకదో పట్టీలో సగం ఆమే చూసి రాసుకుంది. మిగతా సగం అతను "ముందుది, వెనకది" అని చదివితే రాసుకుంది.

బరువు, అదే గుంపుని కొలిచిన అందరికీ వచ్చినదాంట్లో సగమే వచ్చింది.

"ఏమ్మా, మిగతా సగం మీ అమ్మ అగ్గిపెట్టెల్లో సర్దేసిందా?" అన్నాడు సార్, వాళ్ళమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో కూలి అని తెలిసే. "సోమవారానికి సరిగ్గా తేకుంటే సంతకం లేదు. ఈ ఏడు పరీక్షా లేదు."

అందరికంటే గట్టిగా నవ్వింది ముత్తుపాండే.

శనివారం ఆమె మళ్ళీ మొదట్నించీ చూసింది. అతను చదివిన సగమంతా తిరగబడి ఉంది.

"కావాలనే చదివినావా?"

"నోరు అదుపులో పెట్టుకో. దూరపుదాని వెలుగు ముందే బయలుదేరింది. ముందుది అంటే అదే కదా!"

"నేను ఎదట నిలిచింది అనుకుంటిని."

"అడిగుండొచ్చు కదా, మహారాణీ!"

"నీతో నేను మాట్లాడేదా?"

సోమవారానికి బరువు సరిపడింది. ఎంత ఎక్కువ తక్కువ కావచ్చో పక్కనే రాసింది. జరిగిన తప్పుకి ఒక పేజీ పెట్టింది.

"ఆ పేజీ చించు, నా పేరుంది," అన్నాడు ముత్తుపాండి.

"ఉంది గనకే చించను."

సార్ మొహం గంటు పెట్టుకున్నాడు. "ఒక్క అంకె చెప్పడం రాదా నీకు?"

"వాటి పుట్టువంకర నాకు తెలీదు సార్. నడిమి దారిలో ఇంకేం బరువులున్నాయో తెలీదు. ఒక్క అంకె చెప్తే అబద్ధం."

సార్ పెన్ను విసిరేశాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ సారే దాన్ని తీసుకుని సంతకం గీకి, ఇద్దరికీ మార్కులు కోసేశాడు. మొదటి ర్యాంకు ఇంకెవరో తన్నుకుపోయారు. ముత్తుపాండి ఆమె ఎక్కే బస్సెక్కడమే మానేశాడు.

గుర్తు పెట్టుకో పాప్పా, రేపు నీ పిల్లకాయలకీ చెప్పు. ఎవరన్నా "ముందు" అంటే, ఎదటా, మొదటా అని అడగమను. వాడంటే గిట్టకపోతే రెండుసార్లు అడగమను.